నాలుగో గొంతు

మా ఇంట్లో నాటకాలవాళ్ళు పెట్టుకునే తొడుగు మొహాలు చేస్తారు. మామగారు చేశారు. ఇప్పుడు మా ఆయన యూఫ్రోన్ చేస్తాడు. వసంతకాలపు నాటకాల పండుగ దగ్గర పడిందంటే మా వాకిట్లో అడుగు పెట్టడానికి చోటుండదు. తడి నారబట్ట పేలికలు, సున్నపు ముద్దలు, పొయ్యి మీద జిగురు కుండ. ఆ జిగురు ఎద్దు తోలు ఉడకబెట్టి తీస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకి ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు అది లేకపోతే నిద్ర పట్టదు.

మట్టి అచ్చు మీద బట్టని పొరలు పొరలుగా అతికిస్తాడు. ఆరాక ఊడదీస్తే తల మొత్తం కప్పే మొహం. మగవేషానికి ఎరుపు, ఆడవేషానికి తెలుపు. సున్నం నూరడం నా పని. ముందు కళ్ళు తొలుస్తారు. నోరు ఆఖర్న కోస్తారు.

ఎరిగినవాళ్ళ మొహం చెయ్యకూడదన్నది ఇంటి నియమం. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆ మాట చెబుతూనే ఉండేది.

"పూర్వం ఈ రాజులూ రాణులూ ఎక్కడివే? డయొనైసస్ దేవుడి బలిపీఠం చుట్టూ తిరుగుతూ అందరూ కలిసి పాడేవాళ్ళు. పోయినవాళ్ళ గురించి పాడేవాళ్ళు. ఒక ఏడాది ఒకడు వరుసలోంచి బయటికొచ్చి, 'ఆ పోయినవాణ్ణి నేనే' అన్నాడు. పాట ఆగిపోయింది. అందరూ వెనక్కి జరిగారు. వాడు మొహానికి సున్నం ఎందుకు పూసుకున్నాడో తెలుసా? తన పేరు ఎవరు వాడుకున్నారో ఆ పోయినవాడికి తెలియకూడదని."

నేను నవ్వేదాన్ని. "తెలిస్తే ఏం చేస్తాడు అత్తయ్యా?"

"ఏం చేస్తాడు. నన్నే కదా పిలిచారని వస్తాడు."

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది మిక్కా. కిందటేడు ఎండాకాలం జ్వరంతో పోయింది. పెళ్ళి కాలేదు. రెండోవాడు ఫానియాస్. వాడు ఉన్నాడు. వాడి కోసమే ఇదంతా చెబుతున్నాను.

ఆ చలికాలం ఒక ధనికుడు కొత్త నాటకానికి ఖర్చు పెట్టుకున్నాడు. మొహాలు మా ఆయనకి అప్పగించాడు. కథలో రాజు కూతురు చచ్చిపోతుంది. మా నాటకాల్లో మాట్లాడేవాళ్ళు ముగ్గురే. ఎన్ని వేషాలున్నా ఆ ముగ్గురే మొహాలు మార్చుకుని వస్తారు. నాలుగోవాడు రంగం మీద ఉండొచ్చు. నోరు విప్పకూడదు. చావు కూడా ఎవరికీ చూపించరు. వెనకున్న చెక్క ఇంట్లోంచి కేక వినిపిస్తుంది. తర్వాత తలుపులు తీసి, చక్రాల బల్ల మీద శవాన్ని ముందుకు తోస్తారు.

బతికున్న పిల్ల వేషం టెలెస్టస్‌ది. బాగా చెయ్యి తిరిగిన ముసలి వేషగాడు. లోపలికి వెళ్ళాక ఆ మొహం తీసి ఇంకొకరికి తొడిగి, కేక పెట్టి, తను ముసలి దాది మొహం పెట్టుకుని బయటికి రావాలి. ఆ ఇంకొకరు మా ఫానియాస్. శవం వేషం.

ఆ కబురు తెచ్చిన రోజు వాడి కాళ్ళు నేల మీద లేవు.

"ఒక్క మాట కూడా తప్పు పోకుండా చెయ్యగలవా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"శవానికి మాటలెక్కడివి నాన్నా?"

"అందుకే నీకిచ్చారు."

మిక్కా పోయాక మా ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత పోయినవాళ్ళ రోజు వచ్చింది. ఆ రోజు వాళ్ళు ఊళ్ళో తిరుగుతారు. వాళ్ళు మమ్మల్ని అంటకుండా పొద్దున్నే ముళ్ళకంప ఆకు నమిలాం. తలుపులకి తారు పూశాను. గింజలన్నీ కలిపి కుండలో వండి పెట్టాను. అది వాళ్ళకి. మేం ముట్టుకోం. సాయంత్రం ఇంటి పెద్ద గదిగదికీ వెళ్ళి, "వెళ్ళిపోండి, పండుగ అయిపోయింది" అని అరవాలి. అప్పుడు వెళ్ళిపోతారు.

ఆ రోజు మేం పని చెయ్యం. కానీ పొద్దున్నే ధనికుడి మనిషి వచ్చి నిలబడ్డాడు. పిల్ల మొహం రేపటికల్లా కావాలట. అయ్యగారు చూస్తారట. మా ఆయన పనిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నం నూరిన సున్నం తీసుకుని లోపలికెళ్ళాను. మొహం అప్పుడే అచ్చు మీంచి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళు తొలిచి ఉన్నాయి. నోరు ఇంకా కొయ్యలేదు.

నా చేతిలో గిన్నె ఒరిగి సున్నం ఒలికింది.

"ఏంటయ్యా ఇది?"

"ఏంటి?"

"మిక్కా."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఆడపిల్లల మొహాలన్నీ ఒకేలా ఉంటాయి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన బల్ల వైపు చూడలేదు. ఆ తొడుగు మొహానికి పై పెదవి ఒక పక్క కొంచెం ఎత్తుగా ఉంది. ఏదో అనబోయి ఆగినట్టు. అది ఆడపిల్లలందరికీ ఉండదు.

ఫానియాస్ వచ్చాడు. చూశాడు. వాడికి తట్టలేదో, తట్టనట్టు ఊరుకున్నాడో నాకు తెలీదు.

"నువ్వు అలిసిపోయావు నాన్నా. నోరు నేను కోస్తా. ఇటివ్వు."

"ఇవాళ వద్దురా" అన్నాను.

"అమ్మా, తలుపుకి అంత తారు పూశావు. ఈగ కూడా రాలేకపోతోంది. దెయ్యం గానీ వస్తే పిట్టలా అక్కడే అతుక్కుపోతుంది. ఈకలు పీకి పొయ్యి మీద పెట్టుకుందాం."

వాళ్ళ నాన్న నవ్వలేదు. వద్దనీ అనలేదు. వాడు కత్తి పెట్టి కోశాడు.

బట్ట తెగిన చప్పుడు నాకు తెలుసు. అది కాదు. ఎవరో చాలాసేపు బిగపట్టిన ఊపిరి వదిలినట్టు…

సాయంత్రం మా ఆయన ఇల్లంతా తిరిగి అరిచాడు. పై గదిలో అరిచాడు. పొయ్యి దగ్గర అరిచాడు. వాకిట్లో అరిచాడు. ఆఖరికి పనిగదిలోకి వెళ్ళాడు. నేను వాకిట్లో నిలబడి విన్నాను. ఏమీ వినపడలేదు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"వినపడలేదే."

"నెమ్మదిగా చెప్పాను."

ఆయన గడ్డం తడిసి ఉంది. 

ధనికుడు ఆ మొహం చూసి తెగ మెచ్చుకున్నాడట. సాధన అయిపోగానే రోజూ మా ఇంటికే తెచ్చేవారు, రంగు దిద్దడానికి. పనిగది గోడకి వేలాడేది. నేను పొద్దున చిమ్మడానికి వెళ్ళేదాన్ని. ఒకరోజు దాని పెదవుల దగ్గర రంగు ఉబ్బి ఉంది. వేలు పెట్టి చూశాను. తడి. లోపలికి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. చెయ్యి వాసన చూసుకున్నాను. జిగురు వాసన కాదు. పులిసిన ద్రాక్షరసం వాసన. జ్వరంలో మిక్కా నుదుటికి దాంతోనే తడిగుడ్డ వేసేదాన్ని.

ఇంకో రోజు ఫానియాస్ పనిగదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. మొహం తొడుక్కుని ఉన్నాడు. తల ఒక పక్కకి వాల్చాడు, ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు.

"తియ్యరా అది."

కదల్లేదు.

"ఫానియాస్!"

తీశాడు. జుట్టంతా చెమట.

"పిలిచావా అమ్మా? లోపలుంటే ఏమీ వినపడదు. సముద్రం హోరులా ఉంటుంది." కాస్త ఆగాడు. "ఎవరో తలుపు కొడుతున్నట్టు కూడా ఉంటుంది."

"ఏ తలుపు?"

"ఏమో. లోపల్నుంచి కొడుతున్నట్టు."

ఆ రోజే మా ఆయనతో అన్నాను. "ఇంకో మొహం చెయ్యి. లేదా వాణ్ణి మానిపించు. ఒకదాన్ని ఇచ్చేశాను. వీణ్ణి ఇవ్వను."

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకోవే. ఆట అయిపోగానే మొహాలన్నీ దేవుడి ఆవరణలో వేలాడదీస్తాం. మనింటికి రాదు."

"ఆట అవ్వాలి కదా."

ఆయన జిగురు కలుపుకుంటూ ఉండిపోయాడు.

ఆట రోజు తెల్లవారకముందే కొండవాలు నిండిపోయింది. ఆడవాళ్ళం పై వరుసల్లో కూర్చున్నాం. మంచుకి చెక్కబల్లలు చెమ్మగా ఉన్నాయి. కింద బలి ఇచ్చిన పంది నెత్తురు వాసన. మా వీధిలో ఆలివ్‌కాయలమ్మే బిట్టో నా పక్కన చేరింది. వేయించిన శనగలు కొంగులో పోసుకొచ్చింది.

"తినవే లిసిల్లా. శవం తల్లివి నువ్వు. నీకివాళ పెద్దపీట."

"ఊరుకో బిట్టో."

"చూడూ, ఆ రాణి వేషం వాడి పిక్కలు. గాడిదలు కాసేవాడిలా ఉన్నాడు. ఆడదాన్ని అంటే నమ్మాలి మనం."

వేణువు మోగింది. పాడే బృందం వచ్చి వలయంగా నిలబడింది. పాట మొదలైంది. వెలుగు మెల్లగా రంగం మీదికి దిగింది. చెక్క ఇంటి తలుపులు తెరుచుకున్నాయి. రాజు కూతురు వచ్చింది.

నా కూతురి మొహం ఒక ముసలాడి మెడ మీద ఉంది. దాని నోట్లోంచి మగగొంతు వస్తోంది. సన్నం చేసి పలుకుతున్నాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. టెలెస్టస్సే కదా. వట్టి బట్టే కదా.

"మగాళ్ళు ఆడగొంతు పెట్టి ఏడిస్తే బహుమతులు" అంది బిట్టో శనగలు నములుతూ. "మనం ఏడిస్తే తన్నులు."

పిల్ల తండ్రి కాళ్ళు పట్టుకుంది. తండ్రి వినలేదు. లేచి లోపలికి వెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి. బృందం పాడింది. పాట అయిపోయింది. ఇక కేక వినిపించాలి.

వినపడలేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. టెలెస్టస్ దాది మొహంతో బయటికొచ్చాడు. రావడం కాదు, ఎవరో తోసినట్టు వచ్చి పడ్డాడు. దాది మొహం వంకరగా ఉంది. గుండెలు బాదుకోవడం మొదలుపెట్టాడు.

"ఇదేంటే, ఎవరూ చావకుండానే ముసల్ది ఏడుస్తోంది?" అంది బిట్టో.

జనం గోల చేశారు. మడమలతో బల్లల్ని తన్నడం మొదలుపెట్టారు. రాజు దాది వైపు చూశాడు. రాణి రాజు వైపు చూసింది.

రాజు, రాణి, దాది. మాట్లాడే ముగ్గురూ బయటే ఉన్నారు. లోపల బల్ల తోసేవాళ్ళున్నారు. మొహాలు తొడగడానికి మా ఆయన ఉన్నాడు. మాటలు లేని నా కొడుకు ఉన్నాడు.

అప్పుడు వినపడింది.

"అమ్మా… తలుపు తియ్యి."

మడమల చప్పుడు ఆగిపోయింది. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు.

సన్నం చేసిన మగగొంతు కాదు. ఆడపిల్ల గొంతు. ఆ రంగం మీద ఎప్పుడూ ఎవరూ విననిది.

"ఎవరే అది?" బిట్టో నా చెయ్యి పట్టుకుంది. "నాలుగోవాడు మాట్లాడకూడదు కదా…"

"అమ్మా. చీకటిగా ఉంది. తలుపు తియ్యి."

తలుపులు తెరుచుకున్నాయి. చక్రాలు కిర్రుమన్నాయి. బల్ల ముందుకొచ్చింది. దాని మీద తెల్లబట్టలో శవం. చేతులు పక్కన పడున్నాయి. అవి నా కొడుకు చేతులే. తల మాత్రం…

బృందం ఏడుపు పాట అందుకుంది. కింద మగవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. శవం కదలకూడదు. అందరికీ తెలిసిందే. తల కదిలింది. చాలా మెల్లగా. ముందు వరుసల మీదుగా, మధ్య వరుసల మీదుగా, పైకి… ఆడవాళ్ళ వైపు. వెతుకుతూ వచ్చింది.

నా దగ్గర ఆగింది.

నేను లేచాను. శనగలు ఒలికాయి. బిట్టో ఏదో అంది. పక్క దారిన కిందికి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి బల్లని వెనక్కి లాగేశారు. తోసేవాళ్ళు గోడకి అతుక్కుపోయి ఉన్నారు. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఫానియాస్ గడ్డం కింద ఆ మొహానికి కట్టిన తాడు విప్పేశాడు. రెండు చేతులా లాగుతున్నాడు.

"రావడం లేదే…"

ఫానియాస్ కాళ్ళు బల్లని తన్నుతున్నాయి. వేళ్ళు గాల్లో వెతుకుతున్నాయి. గోళ్ళు నీలంగా తిరిగాయి.

"ఆ రోజు నువ్వు చెప్పలేదు కదూ?" అన్నాను.

ఆయన లాగడం ఆపాడు.

"ఎలా చెప్పనే? ఆ గదిలోకి వెళ్ళి… మన పిల్లని… పొమ్మని ఎలా చెప్పను?"

నేను వంగాను. ఆ నోటి దగ్గర చెవి పెట్టాను. పులిసిన వాసన. వెచ్చటి ఊపిరి, పొట్టిగా, జ్వరంలో ఉన్నట్టు.

"మిక్కా" అన్నాను.

కాళ్ళు తన్నడం ఆగింది.

"తలుపు తీశావా అమ్మా?"

గుసగుస. నా చెవిలో.

"తీశాను తల్లీ."

"లోపలికి రానా?"

పక్కన వాడి చెయ్యి పట్టుకున్నాను. చల్లబడిపోతోంది.

"వద్దమ్మా. పండుగ అయిపోయింది. వెళ్ళు."

బయట పాట పెద్దదైంది. లోపల చప్పుడు లేదు. 

"తమ్ముడు?"

"వాడు నా దగ్గర ఉండాలి."

"నేను?"

 మా ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

"పో" అన్నాను.

ఆ మాట ఎలా అన్నానో నాకు తెలీదు. బిడ్డని కన్నప్పుడు కూడా నా ఒంట్లోంచి అంత కష్టంగా ఏదీ బయటికి రాలేదు.

మొహం మా ఆయన చేతిలోకి ఊడొచ్చింది. ఉల్లిపొరలా. కింద ఫానియాస్. పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక్కసారిగా గాలి పీల్చాడు. దగ్గాడు. కళ్ళు తెరిచాడు.

"అమ్మా? నువ్వెందుకు వచ్చావిక్కడికి? ఆట అయిపోయిందా? నేను కదల్లేదు కదా?"

"కదల్లేదురా" అన్నాను.

ఆ నాటకానికే మొదటి బహుమతి వచ్చింది. ఊరంతా ఆ కేక గురించే. టెలెస్టస్ ఒకరోజు మా ఇంటికొచ్చాడు. ద్రాక్షసారా తెచ్చుకున్నాడు. నీళ్ళు కలపకుండా తాగాడు.

"అందరూ ఆ కేక నాదే అంటున్నారు యూఫ్రోన్. నేను కాదనలేదు. బతకాలి కదా."

"మరి నువ్వెందుకు కేక పెట్టలేదు మావా?" అన్నాడు మా ఆయన.

"కుర్రాడికి ఇద్దామని మొహం తీశాను. నోటి సందులో వేలు పెట్టి పట్టుకున్నాను, ఎప్పుడూ పట్టుకున్నట్టే." వేలు చూపించాడు. "నాలుక తగిలింది."

ఆ తర్వాత టెలెస్టస్ మళ్ళీ ఆడవేషం కట్టలేదు.

మొహాలన్నీ దేవుడి ఆవరణలో వేలాడదీశారు. అదీ వాటితోనే ఉంది. నేను ఆ దారిన వెళ్ళను. మా ఆయన అచ్చు పగలగొట్టి, మట్టి తీసుకెళ్ళి ఏట్లో కలిపి వచ్చాడు. ఇప్పుడు బొమ్మలకి రంగులు వేసుకుంటున్నాడు. మిక్కా పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను పొమ్మన్నదాన్ని. ఏ నోటితో ఎత్తుతాను?

ఫానియాస్ బాగున్నాడు. తింటాడు. వాళ్ళ నాన్నని ఆట పట్టిస్తాడు. ఎండాకాలం అంతా బాగానే గడిచింది. అందుకే నేను కూడా అంతా అయిపోయిందనుకున్నాను.

శరత్కాలంలో కుర్రాళ్ళ జుట్టు కత్తిరించి దేవతకి ఇచ్చే పండుగ వచ్చింది. మంగలి మా వాకిట్లోనే కూర్చోబెట్టాడు వాణ్ణి. ముందువైపు జుట్టు కత్తిరించాడు. నవ్వుతూ ఏవో కబుర్లు చెబుతున్నాడు. వెనక్కి వెళ్ళి, దువ్వెనతో జుట్టు రెండు పాయలుగా తీశాడు.

కబుర్లు ఆగిపోయాయి.

దువ్వెన అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా, ఎవరినో నిద్ర లేపకుండా చూసుకుంటున్నట్టు, ఆ జుట్టు మళ్ళీ కప్పేశాడు. కత్తెర సంచిలో పెట్టుకున్నాడు. 

"ఏమైందయ్యా?" అన్నాను.

"వెనకవైపు కత్తిరించకండమ్మా" అన్నాడు. నా వైపు చూడలేదు. "ఇలాగే పెరగనివ్వండి."

మళ్ళీ మా వీధికి రాలేదు.

ఫానియాస్‌ని అడిగాను. "నాకేం తెలుసమ్మా, నా తల వెనక నాకు కనపడుతుందా" అని నవ్వాడు. చూస్తానంటే చూడనివ్వడు. నాకూ చూడాలని లేదు. తల వాడే కడుక్కుంటాడు.

నిన్న మధ్యాహ్నం నిద్రపోతున్నాడు. ఈ మధ్య బోర్లానే పడుకుంటున్నాడు. చెంప చాపకి ఒత్తుకుని, మెడ పట్టేసేలా. చూడలేక, భుజం పట్టుకుని వెల్లకిలా తిప్పబోయాను.

కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకున్నాడు. తల వెనక జుట్టు ఊపిరికి లేచి పడింది.

"అలా తిప్పకమ్మా" అన్నాడు. "ఊపిరాడదు."